విదేశీ రహదారి గుర్తులు – మూడవ పాఠం: కూడలిలో ముందు ఎవరు?

మొదటి రెండు పాఠాలలో గుర్తుల ఆకారాలను, ఎర్రటి వలయంలో కనిపించే నిషేధాలను నేర్చుకున్నాము. ఈ పాఠమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: రెండు వాహనాలు ఒకేసారి ఒక చోటికి చేరినప్పుడు ఏది ముందు వెళ్ళాలి, ఏది ఆగాలి?

తిరుపతి లీలామహల్ సర్కిల్‌లో మనం హారన్ కొట్టి, చేయి చూపి, ఎదుటి డ్రైవరు కళ్ళలోకి చూసి దారి సర్దుకుంటాము. ఐరోపా, అమెరికా కూడళ్ళలో ఆ పని బోర్డు చేస్తుంది. ముందు వెళ్ళే హక్కు మీది అని బోర్డు చెప్పిన చోట అడ్డదారి వాహనం ఆగి ఉంటుందన్న నమ్మకంతోనే మీ వెనుకవారు వస్తుంటారు కాబట్టి, ఆగవలసిన చోట ఆగకపోవడం ఎంత ప్రమాదమో, ఆగనక్కర్లేని చోట హఠాత్తుగా ఆగడమూ అంతే ప్రమాదం.

ఆపే గుర్తులు రెండే. ఎనిమిది మూలల ఎర్ర బోర్డు ఉంటే, ఎదురుగా ఎవరూ లేకపోయినా, చక్రాలు పూర్తిగా నిలిచేవరకు ఆగాలి. తలకిందులుగా నిలిపిన త్రిభుజం ఉంటే వేగం తగ్గించి, అవతలి వాహనానికి దారి ఇవ్వాలి. రోడ్డు ఖాళీగా ఉంటే ఆగనవసరం లేదు. ఈ రెండింటికీ మరే గుర్తుకూ లేని ఆకారాలు ఇవ్వడం వల్ల, మంచు కప్పి అక్షరాలు కనబడకపోయినా, అవతలి దారి నుంచి బోర్డు వెనుక వైపు మాత్రమే కనబడినా గుర్తుపట్టవచ్చు. జపాన్‌లో మాత్రం ఆగమని చెప్పేది ఎర్రటి తలకిందుల త్రిభుజమే.

ఇక మన రోడ్ల మీద అలవాటు లేని గుర్తు ఒకటుంది. దీని దగ్గర తొందరపడకండి. తెల్లని అంచుతో, లోపల బొమ్మ గానీ రాత గానీ లేకుండా, మూల మీద నిలబెట్టిన పసుపు చతురస్రం జర్మనీ, ఫ్రాన్స్ వంటి దేశాలలో కనబడుతుంది. మీరు వెళ్తున్నది ప్రాధాన్యం గల రోడ్డు, పక్కదారులవారు మీకోసం ఆగుతారు అని దాని అర్థం. అదే గుర్తు మీద నల్లని ఏటవాలు గీతలు కనబడితే ఆ ప్రాధాన్యం అక్కడితో ముగిసింది. అమెరికాలో ఇదే ఆకారంలో ఇదే పసుపు రంగు బోర్డు మీద నల్లని బొమ్మ ఉంటుంది. అది ముందున్న మలుపు గురించో, జింకల గురించో చేసే హెచ్చరిక మాత్రమే, ఏ హక్కునూ ఇవ్వదు.

ఏ గుర్తూ లేని కూడలి వస్తే ఏం చేయాలి? జర్మనీ నివాస వీధులలో ఇది తరచుగా ఎదురవుతుంది. అక్కడ కుడిచేతి వైపు నుంచి వచ్చే వాహనానికి దారి ఇవ్వాలి, అది ఎంత చిన్న సందులోంచి వచ్చినా సరే. మన దేశపు 1989 నాటి రహదారి నియమాలలోనూ (2017లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి) కుడివైపు నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలనే ఉండేది కనుక, సూత్రం మనకు కొత్తది కాదు, ఆచరణే కొత్త. అమెరికాలో నాలుగు వైపులా ఆగమనే బోర్డులుండి, వాటి కింద ‘ఆల్ వే’ అనే చిన్న పలక ఉంటే, ముందు వచ్చి ఆగినవారు ముందు వెళ్తారు. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపు వాహనానిదే వంతు.

ఇరుకు వంతెనల దగ్గర రెండు బాణాల గుర్తు ఉంటుంది. భాకరాపేట ఘాటు వంటి దారిలో బస్సు, లారీ ఎదురుపడితే దిగే బండి ఆగి ఎక్కే బండికి చోటివ్వాలన్నది మన నియమం. ఐరోపాలో ఆ సంగతి బాణం రంగు చెబుతుంది: పైకి చూసే బాణం మీది, కిందికి చూసేది ఎదుటివారిది, ఎర్ర బాణం ఎవరిదైతే వారు ఆగాలి.

చివరగా, ఈ పాఠంలో కష్టమైన భాగం. ప్రాధాన్యం గల రోడ్డు కూడలిలో నేరుగా సాగకుండా పక్కకు తిరిగితే, పసుపు గుర్తు కింద తెల్లని పలక మీద కూడలి పటం గీసి ఉంటుంది. లావు గీత ప్రాధాన్యం గల రోడ్డు, సన్న గీతలు తక్కినవి; పటంలో మీరు ఎప్పుడూ అడుగు భాగం నుంచి వస్తుంటారు. జర్మనీలో లావు గీత వెంట తిరిగేటప్పుడు ఇండికేటర్ తప్పనిసరి. నేరుగా సన్న గీతలోకి వెళ్ళేవారు వేయకూడదు.

అభ్యాసం: కాగితం మీద నాలుగు దారుల కూడలి గీయండి. దక్షిణం నుంచి వచ్చిన లావు గీతను పడమరకు తిప్పండి. ఆ గీత మీది వాహనాలన్నీ వెళ్ళిపోయాక ఉత్తరం నుంచి ఒక కారు, తూర్పు నుంచి ఒక కారు నేరుగా వెళ్ళడానికి నిలిచి ఉన్నాయి. ఏది ముందు?

జవాబు: ఉత్తరపు కారు. రెండూ సన్న గీతల మీదివే కనుక వాటి మధ్య కుడిచేతి నియమం వర్తిస్తుంది. తూర్పు నుంచి పడమరకు వచ్చే డ్రైవరుకు ఉత్తరం కుడివైపు అవుతుంది. ఇదే పటంలో లావు గీతను తూర్పుకు తిప్పి, ఉత్తరం, పడమర కార్లకు జవాబు మీరే రాయండి. దానిని సరిచూసుకున్న తరువాత వేగపరిమితుల పాఠానికి వెళ్దాము.