గుమ్మడి పిందె పసుపెక్కి రాలిపోతోందా?

మా పర్లాకిమిడిలో పెరటి మొక్కల గురించి నన్ను ఎక్కువమంది అడిగేది ఒక్కటే: "పాదు నిండా పూలున్నాయి, కాయ ఎందుకు నిలవట్లేదమ్మా?" యూరియా వెయ్యమని సలహా చెప్పేవాళ్లు వెంటనే దొరుకుతారు. దయచేసి వెయ్యకండి. నత్రజని ఎక్కువైతే ఆకూ తీగా పెరుగుతాయి గానీ కాయ నిలవదు.

ముందు పువ్వుని గుర్తుపట్టండి. సన్నటి పొడవాటి కాడ మీద ఉండేది మగపువ్వు. ఆడపువ్వుకి విచ్చకముందే కింద గోళీకాయంత పిందె ఉంటుంది. పాదు మొదట మగపూలే పూస్తుంది. ఆడపూలు కనిపించడానికి ఇంకో వారం, పది రోజులు పట్టొచ్చు, అందాకా టెన్షన్ పడక్కర్లేదు.

పిందె కనబడిందని కాయ వచ్చినట్టు కాదు. పుప్పొడి అందకపోతే అది కొద్దిరోజుల్లోనే పసుపెక్కి, మెత్తబడి రాలిపోతుంది. అరకొరగా అందితే ఒక పక్క ఊరి, ఇంకో పక్క నొక్కుకుపోయి వంకరకాయ అవుతుంది. గుమ్మడి పుప్పొడి బరువు, పైగా జిగురు, గాలికి ఎగరదు. తేనెటీగలైనా మొయ్యాలి, మనమైనా రాయాలి.

రాసే పని తెల్లవారగానే చెయ్యాలి. ఎండెక్కితే పువ్వు ముడుచుకుపోతుంది, ఆ ఆడపువ్వు మళ్లీ విచ్చదు. అప్పుడే విచ్చిన మగపువ్వుని కాడతో సహా కోసి, రేకులన్నీ చింపెయ్యండి. మధ్యలో నిలువుగా పసుపుపచ్చటి కేసరం మిగులుతుంది. వేలితో తాకితే పొడి అంటాలి, అంటకపోతే ఇంకో పువ్వు కొయ్యండి. ఆడపువ్వు మధ్యలో కీలాగ్రం మూడు పాయలుగా ఉబ్బి ఉంటుంది. ఆ కేసరాన్ని మూడు పాయల మీదా, చుట్టూ, మెల్లగా రాయండి. తొందరపడి ఒక పక్కే రాస్తే ఆ వంకరకాయే వస్తుంది. ఒక ఆడపువ్వుకి రెండు మగపూలు వాడితే నాకు ధైర్యంగా ఉంటుంది.

వానాకాలం పుప్పొడి తడిస్తే పనికిరాదు. అందుకే రాయగానే ఆడపువ్వు రేకుల్ని పైకి మూసి, దారంతో వదులుగా కట్టేస్తాను.

మా పక్కింటి ఒడియావాళ్లు గుమ్మడిపూలని బియ్యప్పిండిలో ముంచి వేయిస్తారు, కఖారు ఫుల భజా అంటారు. ఎంత బాగుంటుందో! ఇప్పుడది మా ఇంట్లోనూ అలవాటైపోయింది. కోసేవి మగపూలే అయినా, ఆ ఉదయం ఎన్ని ఆడపూలు విచ్చాయో చూసుకుని వాటికి సరిపడా వదిలి, మిగిలినవే కొయ్యండి.

పక్కన ఆనప పాదు ఉంటే దాని వేళ వేరు. ఆ తెల్లపువ్వు సాయంత్రం విచ్చుతుంది, బీరపువ్వూ అంతే. వాటికి పొద్దువాలాక రాయాలి.

గుమ్మడిపూలు విచ్చి ఉన్న ఉదయంపూట ఏ మందూ, వేపనూనె కూడా, కొట్టకండి. మనకి ఊరికే పని చేసిపెట్టే తేనెటీగల్ని పోగొట్టుకోవడం నాకు మనసొప్పదు.

రాలిన పిందెని ఒకసారి కోసి చూడండి. లోపల తెల్లపురుగులు కనిపిస్తే అది పండుఈగ పని, పుప్పొడి లోపం కాదు. అలాంటివి పాదు కింద వదిలెయ్యకుండా ఏరి, లోతుగా పూడ్చిపెట్టండి. నిలిచిన పిందె నాలుగైదు రోజుల్లో స్పష్టంగా ఊరుతుంది. అప్పుడు దానికి వదులుగా కాగితం సంచి తొడిగితే ఈగ గుడ్లు పెట్టలేదు.