పాత గ్రామఫోన్ రికార్డు దొరికితే ప్లేయర్ మీద పెట్టేముందు కాస్త ఆగండి సామీ

మొన్న తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో పాత సామాన్ల కొట్లో ఒక జాజ్ ఎల్పీ, అదే పెద్ద పాటల ప్లేటు, దొరికింది, కవర్ చెదలు కొట్టేసినా ప్లేట్ మాత్రం బాగుంది, అందుకే చెప్తున్నా కవర్ చూసి మోసపోకండి, రికార్డు బయటికి తీసి వెలుతురుకి ఏటవాలుగా పట్టుకోండి. గీత కనబడితే దాని మీద గోరు మెల్లగా ఆనించండి, గోరు తగులుకుంటే టిక్కు టిక్కుమంటది లేకపోతే ప్లేయర్ ముల్లు ఎగిరిపోద్ది, తగలకపోతే చాలావరకు పర్లేదు. తర్వాత కంటికి సమానంగా పెట్టి అంచు వంపు చూడండి.

కడగడానికి బోరు నీళ్లు అస్సలు వద్దు, మన తిరుపతి బోర్ల ఉప్పంతా ముల్లు నడిచే సన్నటి గాడిలో పేరుకుని చిటపటమంటది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకుని రెండు చుక్కలు గిన్నెల సబ్బు లిక్విడ్ వేసి, మెత్తటి గుడ్డతో గాడి వెంబడే తిప్పుతా తుడవండి, అడ్డంగా రుద్దకండి, మధ్యలో లేబుల్ తడవనీకండి. మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. బరువుగా, తొందరగా పగిలే 78 ఆర్పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) పాతకాలం ప్లేట్లకి మాత్రం స్పిరిట్ తగలనీకండి, అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి.

నీడలోనే ఆరబెట్టండి. నేనొకసారి మే నెలలో మిద్దె మీద పెట్టి కాఫీ తాగొచ్చేలోపు రాక్ ఎల్పీ అప్పడం అయిపోయింది, డ్రమ్ములు తాగినోడు వాయించినట్టున్నాయి! దాచేటప్పుడు పుస్తకాల్లాగా నిలబెట్టండి, ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు.