అమెరికా అంతర్యుద్ధం ఎందుకొచ్చిందో పిల్లలకి ఒక మ్యాప్‌తో చెప్పడం ఎలా

మేం ఉండేది వర్జీనియాలో. ఇంటికి అరగంట దూరంలో మనాసస్ యుద్ధభూమి ఉంది, దాని పక్క రోడ్డు మీదుగా ఎన్నిసార్లు కూరగాయలకి వెళ్లి ఉంటానో లెక్కలేదు, ఒక్కసారీ కారు ఆపి దిగలేదు. పోయినేడాది మా అమ్మాయికి ఎనిమిదో తరగతిలో అంతర్యుద్ధం పాఠం వచ్చింది. తెల్లారితే పరీక్ష అనగా రాత్రి తొమ్మిదింటికి వచ్చి "అమ్మా, అసలు వీళ్లు ఎందుకు కొట్టుకున్నారు?" అంది. నేను చిన్నప్పుడు బట్టీ పట్టిన వాక్యం ఒకటే, లింకన్ బానిసలను విడిపించడానికి యుద్ధం చేశాడని. అదే చెప్పాను. "మరి ప్రమాణ స్వీకారం రోజున, ఇప్పటికే బానిసత్వం ఉన్న రాష్ట్రాల జోలికి వెళ్లనని లింకనే అన్నాడట కదా" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రికి "టెన్షన్ పడకు, పుస్తకంలో ఉన్నది రాసెయ్" అని పంపేశాను గానీ నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత కూర్చుని చదివి, కిందా మీదా పడి ఒక పద్ధతి కుదుర్చుకున్నాను. మా చిన్నాడికి ఈ ఏడాది అలాగే చెప్పాను, ఇండియాలో సివిల్స్ మెయిన్స్‌కి ప్రపంచ చరిత్ర చదువుతున్న మా తమ్ముడికీ ఫోన్‌లో ఇదే చెప్పాను. కావలసినవి అమెరికా రాష్ట్రాల గీతలు మాత్రమే ఉన్న ఖాళీ మ్యాప్ ఒకటి, రెండు రంగుల పెన్సిళ్లు, ఒక మామూలు పెన్సిలు, రెండు గంటల టైము.

మ్యాప్ ముట్టుకునే ముందు ప్రశ్న సరిచేసుకోవాలి, సగం గందరగోళం అక్కడే ఉంది. "బానిసత్వం తప్పా ఒప్పా" అని దేశం రెండుగా చీలి కొట్టుకుంది అనుకుంటే తర్వాత ఏదీ అతకదు. ఆ ప్రశ్న గట్టిగా అడిగినవాళ్లు ఉన్నారు, తానే బానిసగా పుట్టి పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్, 1831 నుంచి బోస్టన్‌లో పత్రిక నడిపిన గారిసన్ లాంటివాళ్లు, కానీ ఉత్తరాదిలో కూడా వాళ్లు కొద్దిమందే. మిగతా ఉత్తరాది ఓటర్లలో చాలామందికి నల్లవాళ్ల మీద ప్రేమేమీ లేదు, పడమటి వైపు కొత్తగా వస్తున్న భూముల్లో బానిసలతో సేద్యం చేయించే పెద్ద ఆసామి పక్కన తాము బతకలేం అన్నదే వాళ్ల బాధ. ఇది పిల్లలకి దాచకుండా చెప్పండి. రాజకీయాల్లో మళ్లీ మళ్లీ రేగిన ప్రశ్న వేరు: కొత్త నేలలోకి బానిసత్వం వెళ్లొచ్చా, వెళ్లకూడదా? దాని కిందే ఇంకోటి, ఆ సంగతి తేల్చే పెద్దమనిషి ఎవరు? మ్యాప్ పక్కన ఖాళీలో "పెద్దమనిషి" అని హెడ్డింగ్ పెట్టి ఒక గీత గీసి ఉంచండి, దాని కింద రాసుకుంటూ పోదాం.

ఇప్పుడు పత్తి. ఇది వదిలేస్తే దక్షిణాది వాళ్ల మొండితనం అర్థం కాదు. 1787లో రాజ్యాంగం రాసినప్పుడు బానిసత్వం మెల్లగా దానంతట అదే పోతుందని చాలామంది అనుకున్నారు, బానిస అన్న మాటే రాజ్యాంగంలో వాడకుండా తిప్పి తిప్పి రాశారు. 1793లో ఎలై విట్నీ జిన్ను యంత్రం వచ్చింది. గుంటూరులోనో వరంగల్‌లోనో ఆదిలాబాద్‌లోనో జిన్నింగ్ మిల్లు చూసినవాళ్లకి ఇది చిటికెలో అర్థమవుతుంది. లోపలి ప్రాంతాల్లో పండే పత్తికి గింజ దూదిని అంటిపెట్టుకుని ఉంటుంది, చేత్తో వలిస్తే రోజంతా కూర్చున్నా కొంచెమే తేలుతుంది. యంత్రం వచ్చాక వలవడం తేలికైంది, దాంతో ఎంత పండిస్తే అంత అమ్ముడుపోయేది, పండించడానికీ ఏరడానికీ మాత్రం యంత్రం లేదు, మనుషులే కావాలి. పని తగ్గించే యంత్రం వచ్చి బానిసలను పెంచింది. 1790లో సుమారు 7 లక్షల మంది బానిసలుంటే 1860 నాటికి 39.5 లక్షల మంది. అప్పటికి దేశం ఎగుమతుల్లో సగానికి పైగా పత్తే. పత్తి కొన్నేళ్లకి నేల సారం పీల్చేస్తుంది, కాబట్టి ఆసాములకి ఎప్పుడూ కొత్త నేల కావాలి. మా చిన్నాడు "మరి ఎరువు వేయొచ్చు కదా" అన్నాడు, తాతగారి పొలం చూసొచ్చిన తెలివి, కానీ పక్కనే చవగ్గా కొత్త భూమి దొరుకుతుంటే పాత నేలకి మరమ్మతు చేసేవాడెవడు?

సరే, రంగులు. 1819 చివరికి 22 రాష్ట్రాలున్నాయి, 11 బానిస రాష్ట్రాలు, 11 స్వేచ్ఛా రాష్ట్రాలు. డెలావేర్, మేరీలాండ్, వర్జీనియా నుంచి కిందికి లూసియానా దాకా ఉన్నవాటికి ఒక రంగు, పెన్సిల్వేనియా, ఒహాయో నుంచి పైవాటికి ఇంకో రంగు. ఇప్పటి మ్యాప్‌లో వెస్ట్ వర్జీనియా విడిగా కనిపిస్తుంది, అప్పట్లో అది లేదు, వర్జీనియాతో కలిపి ఒకే రంగు వేసెయ్యండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం. అమెరికా పార్లమెంటు పేరు కాంగ్రెస్, అందులో రెండు సభలు. ప్రతి రాష్ట్రానికి సెనేట్‌లో ఇద్దరు సభ్యులు, చిన్నదైనా పెద్దదైనా. ప్రతినిధుల సభలో జనాభాని బట్టి సీట్లు, అక్కడ ఉత్తరాది ఎప్పుడో దాటిపోయింది, ఐదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కగట్టి దక్షిణాదికి అదనంగా సీట్లిచ్చినా సరే. (ఈ ఐదింట మూడు వంతుల లెక్క దగ్గర పిల్లలు తప్పకుండా తికమక పడతారు. పూర్తిగా ఐదుగురిగా లెక్కించమని అడిగింది యజమానులే, ఓటు ఇవ్వడానికి కాదు, వాళ్ల పేరు చెప్పి సీట్లు పెంచుకోవడానికి.) అందుకని దక్షిణాదికి మిగిలిన కోట సెనేట్ ఒక్కటే.

మిస్సోరి రాష్ట్రంగా చేరతానంది, బానిసలతో సహా. గొడవ. 1820లో రాజీ కుదిరింది, మిస్సోరి బానిస రాష్ట్రం, మసాచుసెట్స్ నుంచి మెయిన్‌ని విడదీసి స్వేచ్ఛా రాష్ట్రం, లూసియానా భూముల్లో (రాష్ట్రం కాదు, అంతకుముందు ఫ్రాన్స్ నుంచి కొన్న పడమటి నేల) మిగిలిన నేలకి 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం దగ్గర ఒక గీత, మిస్సోరి తప్ప దానిపైన బానిసత్వం ఉండదు. ఆ గీత స్కేలు పెట్టి గీయించండి. "పెద్దమనిషి" కింద మొదటి పేరు: గీత. 30 ఏళ్లకు పైగా బండి దీని మీదే నడిచింది.

తర్వాత మెక్సికో మీద యుద్ధం, 1846 నుంచి 48 దాకా. కాలిఫోర్నియా నుంచి న్యూ మెక్సికో దాకా బోలెడంత నేల కలిసింది, ఆ గీత లూసియానా భూములకే, ఈ నేలకి వర్తించదు. ఈ నేలలో బానిసత్వం అసలు వద్దని యుద్ధం మొదట్లోనే పెన్సిల్వేనియా సభ్యుడు విల్మాట్ ప్రతిపాదించాడు, ప్రతినిధుల సభలో గెలిచింది, సెనేట్‌లో పోయింది. ఓటింగ్ పార్టీలను బట్టి కాకుండా ఉత్తరం దక్షిణంగా చీలింది, ఇది ఒక గుర్తు పెట్టి రాయించండి. ఈలోగా బంగారం దొరికి జనం ఎగబడి, కాలిఫోర్నియా తిన్నగా స్వేచ్ఛా రాష్ట్రంగా వస్తానంది. అప్పటికి 15కి 15. అది చేరితే 16కి 15.

1850 రాజీ దగ్గర తొందరపడొద్దు. కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రమైంది, దానికి బదులుగా దక్షిణాదికి దక్కింది పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే కొత్త చట్టం. పట్టుబడ్డ మనిషి తన తరఫున సాక్ష్యం చెప్పుకోకూడదు, జ్యూరీ లేదు, కేసు విన్న కమిషనర్ అతన్ని యజమానికి అప్పగిస్తే 10 డాలర్ల ఫీజు, వదిలేస్తే 5 డాలర్లు. అప్పగింతకి రాతకోతలు ఎక్కువని సాకు చెప్పారు. దాక్కోవడానికి చోటిచ్చినవాళ్లకి వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. అంతవరకూ బానిసత్వం ఎక్కడో దక్షిణాన ఉన్న సంగతి అనుకుంటున్న బోస్టన్ వ్యాపారికి, ఇప్పుడు తన వీధిలోనే మనిషిని సంకెళ్లేసి తీసుకుపోతుంటే చూస్తూ నిలబడాల్సి వచ్చింది. 1854లో ఆంథనీ బర్న్స్ అనే అతన్ని బోస్టన్ నుంచి వెనక్కి పంపడానికి సైన్యాన్ని వీధుల్లో నిలబెట్టారు. ఉత్తరాది రాష్ట్రాలు ఈ చట్టానికి అడ్డుపడేలా సొంత చట్టాలు చేసుకున్నాయి, విస్కాన్సిన్ సుప్రీంకోర్టు అయితే ఇది రాజ్యాంగానికే విరుద్ధమంది. ఇది మార్జిన్‌లో పెద్దగా రాయించండి, చివర్లో పనికొస్తుంది.

అదే 1854లో గీత చెరిగింది. ఇల్లినాయ్ సెనేటర్ స్టీఫెన్ డగ్లస్‌కి పడమటికి రైలు కావాలి, అందుకు కాన్సస్, నెబ్రాస్కా ప్రాంతాలను ఏర్పాటు చేయాలి, దక్షిణాది ఓట్లు లేకుండా బిల్లు గట్టెక్కదు. దాంతో ఆయన పాత గీతని రద్దు చేసి, అక్కడ స్థిరపడే జనమే ఓటేసి తేల్చుకుంటారన్నాడు. వినడానికి ఎంత బాగుందో! గీతని కొట్టేయించి దాని కింద రెండో పేరు రాయించండి: ఓటు. ఇక ఓట్ల లెక్క కోసం రెండు వైపుల నుంచీ మనుషుల్ని తోలారు. 1855 మార్చి ఎన్నికల్లో కాన్సస్‌లో ఓటర్లు 3 వేల లోపు, పడ్డ ఓట్లు 6 వేల పైన, మిస్సోరి నుంచి తుపాకులతో గుంపులుగా వచ్చి వేసిపోయారు. రిగ్గింగ్ అంటే ఏంటో మనవాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదనుకుంటా.

1856 మేలో మూడు నాలుగు రోజుల్లోనే జరిగినవి వరసగా చెబితే పిల్లలు కళ్లార్పరు. 21న కాన్సస్‌లో బానిసత్వం కావాలనే గుంపు, బానిసత్వం వద్దనేవాళ్లున్న లారెన్స్ ఊరి మీద పడి దోచింది. 22న వాషింగ్టన్‌లో, సాక్షాత్తూ సెనేట్ హాల్లో, మసాచుసెట్స్ సెనేటర్ చార్ల్స్ సమ్నర్‌ని సౌత్ కరోలినా ప్రతినిధి ప్రెస్టన్ బ్రూక్స్ చేతికర్ర విరిగేదాకా బాదాడు, కాన్సస్ మీద చేసిన ప్రసంగంలో తన బంధువైన సెనేటర్ని తిట్టాడని. 24 రాత్రి కాన్సస్‌లో బానిసత్వానికి బద్ధ వ్యతిరేకి జాన్ బ్రౌన్ మనుషులు అవతలి పక్షం వాళ్లను ఐదుగుర్ని ఇళ్లలోంచి లాగి నరికారు. నన్ను వీటన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది తర్వాత జరిగింది: బ్రూక్స్ రాజీనామా చేస్తే అతని జనం మళ్లీ గెలిపించారు, విరిగిన కర్రకి బదులుగా కొత్త కర్రలు కానుకగా పంపారు. ఓటుని కొట్టేయండి.

మూడో పేరు, కోర్టు. మిస్సోరి బానిస డ్రెడ్ స్కాట్‌ని యజమాని అయిన సైనిక డాక్టరు ఇల్లినాయ్‌కి, ఆపైన విస్కాన్సిన్ ప్రాంతానికి తీసుకెళ్లి ఉంచాడు. స్వేచ్ఛా నేల మీద బతికాను కాబట్టి నేను స్వతంత్రుణ్నని అతను 1846లో కేసు వేస్తే, తిరిగి తిరిగి 1857 మార్చి 6న సుప్రీంకోర్టులో తీర్పొచ్చింది. నల్లవాళ్లు పౌరులే కాలేరు, ఈ కొత్త ప్రాంతాల్లో బానిసత్వాన్ని ఆపే అధికారం కాంగ్రెస్‌కే లేదు అన్నాడు ప్రధాన న్యాయమూర్తి టానీ. తగువు తీరిపోతుందనుకున్నారు. కానీ విస్తరణ ఆపడమే ధ్యేయంగా 1854లో పుట్టిన రిపబ్లికన్ పార్టీకి, మీ ధ్యేయమే చట్టవిరుద్ధం అని చెప్పినట్టైంది. వాళ్లు ఒప్పుకోలేదు. కోర్టునీ కొట్టేయండి.

1859 అక్టోబరులో అదే జాన్ బ్రౌన్ 21 మందిని కూడగట్టుకుని వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద దాడి చేశాడు, బానిసలను తిరగబడేలా చేద్దామని. పట్టుబడ్డాడు, డిసెంబరు 2న ఉరి తీశారు. ఉత్తరాదిలో కొన్ని ఊళ్లలో అతని కోసం చర్చి గంటలు మోగాయి, ఆ గంటలు దక్షిణాదికి ఎలా వినబడి ఉంటాయో పిల్లల్నే చెప్పమనండి.

ఇక మిగిలింది నాలుగో పేరు, అధ్యక్ష ఎన్నిక. 1860లో డెమోక్రాట్లు ఉత్తర దక్షిణాలుగా చీలారు, మొత్తం నలుగురు పోటీ, రిపబ్లికన్ల తరఫున లింకన్ 40 శాతం ఓట్లతో గెలిచాడు, 10 దక్షిణాది రాష్ట్రాల్లో ఆయనకి ఒక్క ఓటూ లేదు. దక్షిణాది చూసింది ఆయన మంచితనమో చెడ్డతనమో కాదు, తమ ఓటు ఒక్కటీ లేకుండానే అధ్యక్షుడు తయారవుతాడన్న లెక్క. సెనేట్ అప్పటికే 18 రాష్ట్రాలకి 15. డిసెంబరు 20న సౌత్ కరోలినా దేశంలోంచి వెళ్లిపోయింది, ఫిబ్రవరి 1 కల్లా ఏడు రాష్ట్రాలు. నాలుగో పేరు కొట్టేశాక ఆ వరసలో రాయడానికి ఇంకేం లేదు, 1861 ఏప్రిల్ 12న సౌత్ కరోలినాలో ఉన్న కేంద్ర సైన్యం కోట ఫోర్ట్ సమ్టర్ మీద దక్షిణాది ఫిరంగులు పేలాయి.

ఇక్కడ ఎవరో ఒకరు, ఇంటర్నెట్లోనో పక్కింట్లోనో, "అబ్బే, బానిసత్వం కాదు, రాష్ట్రాల హక్కుల కోసం" అంటారు. వాదించకండి, మార్జిన్‌లో రాసుకున్నది మళ్లీ చూడమనండి. సౌత్ కరోలినా విడిపోతూ చేసిన ప్రకటనలో మొత్తుకున్నదే ఉత్తరాది రాష్ట్రాలు సొంత చట్టాలతో పారిపోయిన బానిసలను అప్పగించడం లేదని, అంటే అవతలి రాష్ట్రాలు తమ హక్కు వాడుకున్నాయనే. మిస్సిసిపీ ప్రకటన అయితే మొదట్లోనే తమ పక్షం పూర్తిగా బానిసత్వంతో ముడిపడిందని ఏ దాపరికం లేకుండా చెప్పేసింది. వెళ్లిపోయిన రాష్ట్రాలు కలిసి పెట్టుకున్న కొత్త దేశం ఉపాధ్యక్షుడు స్టీఫెన్స్ మార్చి 21న సవానాలో మాట్లాడుతూ, తమ ప్రభుత్వానికి మూలరాయే నల్లవాడు తెల్లవాడికి సమానం కాదన్న సూత్రమని అన్నాడు. ఇవన్నీ ఆన్‌లైన్లో ఉచితంగా దొరుకుతాయి, ఎనిమిదో తరగతి పిల్లలు చదవగలరు, మీరు చెప్పడం కంటే వాళ్లనే చదవనివ్వండి.

యుద్ధంలోకి దిగకండి, అది ఇంకో రోజు. ఆఖరి పనిగా, వెళ్లిపోయిన 11 రాష్ట్రాల చుట్టూ పెన్సిల్‌తో గట్టిగా గీత గీయించండి, వర్జీనియా, ఆర్కన్సా, టెనెసీ, నార్త్ కరోలినా ఫోర్ట్ సమ్టర్ తర్వాత కలిసినవి. బానిస రాష్ట్రాల రంగు ఉండి కూడా డెలావేర్, మేరీలాండ్, కెంటకీ, మిస్సోరి గీత బయటే ఉండిపోతాయి. పిల్లలు ఎందుకని అడుగుతారు. జనాభాలో బానిసల వాటా ఎక్కడ ఎక్కువో అక్కడివాళ్లు చాలావరకు ముందు వెళ్లారు, తక్కువున్నచోట ఆగారు, మిస్సిసిపీలో తెల్ల కుటుంబాల్లో సుమారు సగం బానిస యజమానులైతే డెలావేర్లో అది నామమాత్రం. మా చిన్నాడు ఇది విని మొదట్లో వర్జీనియాతో కలిపి రంగేసిన ఆ ముక్క మీద వేలు పెట్టాడు. కొండల్లో పత్తి తోటలు లేవు, బానిసలు కొద్దిమందే, ఆ జిల్లాలు వర్జీనియాతో పోనని విడిపోయి 1863లో వేరే రాష్ట్రమయ్యాయి. రబ్బరు తీసుకుని ఆ సరిహద్దు వాడే చెరిపి, మళ్లీ గీశాడు.