గూగుల్ మ్యాప్స్‌లో మీ హోటల్ దొరకాలంటే

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో, అంటే మ్యాప్స్‌లో మీ హోటల్ వివరాలు చూపే పేజీలో, బోర్డు మీదున్న పేరే పెట్టండి. దానికి ‘భీమవరం బెస్ట్ రొయ్యల బిర్యానీ’ అని తగిలిస్తే ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. హోటల్ మీదేనని తేల్చుకునే వెరిఫికేషన్‌కి గూగుల్ వీడియో అడిగితే వీధి, బోర్డు, వంటగది ఆపకుండా ఒకే షాట్‌లో, కనీసం 30 సెకన్లు తీయండి.

మ్యాప్‌లో మీ చోటు చూపే గుర్తు, అంటే పిన్, సరిగ్గా గుమ్మం మీద పడాలి. కాలవగట్టు ఊళ్లలో ఇదే అసలు చిక్కు: పిన్ అవతలి గట్టున పడిందంటే, ఆకలితో వచ్చినవాళ్లు వంతెన దాకా చుట్టు తిరగాలి. చాలామంది తిరగరు, వెళ్లిపోతారు.

పులస చేప గోదావరి వరదల రోజుల్లోనే దొరికేది. సీజన్ అవగానే మెనూలోంచి, ఫొటోల్లోంచి తీసేయండి. లేదంటే ఒక్క స్టార్ రివ్యూలు తప్పవు. సంక్రాంతికి హోటల్ తెరిచి ఉండే వేళలు విడిగా పెట్టండి.

బిల్లుతోపాటు రివ్యూ క్యూఆర్ కోడ్ ఇవ్వండి. రాస్తే కాజా ఫ్రీ అనొద్దు, గూగుల్ నిబంధనలకు విరుద్ధం. రివ్యూలో ‘ఉప్పెక్కువైందండీ’ అన్నవారితో వాదించకుండా, ఏ పూట ఏ కూర తిన్నారో అడిగి, ఏం సరిచేశారో ఆ రివ్యూ కింద జవాబులోనే రాయండి.