వాయిదా వేసే అలవాటు ఇలా తగ్గింది: నా అనుభవం

పనులు పేరుకుపోతుంటే ఏది ముందు పట్టుకోవాలో తేలక, ఏదీ చేయకుండానే రోజు గడిచిపోయేది. 2023లో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ జూలై 31 దాటించి, ఆలస్య రుసుము 5,000 రూపాయలు కట్టాను. డబ్బు కంటే ఆ నెలంతా మోసిన టెన్షనే ఎక్కువ బాధపెట్టింది.

ఫోన్‌లో యాప్‌లు, గోడ మీద టైమ్‌టేబుల్, తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, ఏదీ వారం దాటలేదు.

మరుసటి ఏడాది జూలైలో ఒక రాత్రి, భోజనం అయ్యాక, బుర్రలో ఉన్న పనులన్నీ పాత నోటుబుక్కులో రాశాను. పదిహేడు వచ్చాయి. ఒక్కోదాని పక్కన గడువు తేదీ, అది దాటితే ఏం పోతుందో రాశాను. పదకొండింటి పక్కన రాయడానికి ఏమీ లేదు! వాటిని పక్కన పెట్టి, మిగిలిన ఆరింటిలో నష్టం ఎక్కువున్న ‘రిటర్న్ వేయాలి’ అన్నదాని చుట్టూ గీత గీశాను.

అసలు పనిచేసింది ఆ తర్వాతిదే. దాన్ని కొట్టేసి, ‘బీరువాలోంచి ఫారం 16 తీసి టేబుల్ మీద పెట్టాలి’ అని రాశాను. ఫారం 16 అంటే జీతం, అందులోంచి కోసిన పన్ను చూపిస్తూ ఆఫీసు ఇచ్చే కాగితం. పడుకునే ముందే తీసి పెట్టేశాను. పొద్దున ఫోన్ పక్క గదిలో వదిలి, ఇరవై ఐదు నిమిషాలకు అలారం పెట్టుకుని కూర్చున్నాను. ఓటీపీ కోసం మాత్రం లేవక తప్పలేదు. ఫారం 16లోని టీడీఎస్‌ను, అంటే జీతంలోంచి ముందే కోసిన పన్నును, పన్ను శాఖ దగ్గరున్న లెక్క 26ఏఎస్‌తో సరిచూసేసరికే భయం సగం పోయింది. మర్నాడు రిటర్న్ వేసి, ఈ-వెరిఫై, అంటే వేసింది నేనేనని ఆన్‌లైన్‌లో నిర్ధారించడం, కూడా చేశాను. అది 30 రోజులు దాటితే మళ్లీ ఆలస్యం కిందే లెక్క.

నావి గడువున్న కాగితాల పనులు కాబట్టి కుదిరిందేమో. పోటీ పరీక్షకు చదువుతున్న మా తమ్ముడికి తేదీలు రాయడం వల్ల లాభం లేకపోయింది కానీ, రాత్రే పుస్తకం తెరిచి పెట్టుకోవడం మాత్రం పనికొచ్చింది.