ఫొటోలు బాగా రావట్లేదా? పెద్ద కెమెరా కొనే ముందు ఇవి చూడండి

పోయిన సద్దుల బతుకమ్మకు హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర తీసిన ఫొటోలు చూపించి మా చిన్నమ్మ కొడుకు, "అన్నా, ఈ కెనాన్ 1500డి అమ్మేసి 90డి తీసుకుంటా" అన్నాడు. 1500డి ఎంట్రీ లెవెల్, అంటే కొత్తగా నేర్చుకునేవాళ్ళ కెమెరా, 90డి దానికంటే పై స్థాయిది. ఆడేవాళ్ళ చేతులు, ముఖాలు అన్నీ చెదిరిపోయి ఉన్నాయి. ఫొటో వివరాలు తెరిచి చూస్తే షట్టర్ 1/30 (సెకనులో ముప్పయ్యో వంతు సేపు తెరుచుకుంది), లెన్స్ ఎఫ్/5.6 (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, ఇది తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ వస్తుంది). ఆ లెన్స్‌తో, ఆ షట్టర్‌తో 90డి పెట్టి తీసినా ఫొటోలు అట్లనే చెదిరేవి. అందుకే అమ్మొద్దని గట్టిగా చెప్పాను. ఎంట్రీ లెవెల్ చాలా, అడ్వాన్స్‌డ్ కావాలా అన్నది తర్వాత, ముందు ఫొటో ఎందుకు చెడిందో తెలియాలి.

రాత్రిపూట మనుషులు చెదిరిపోతున్నారు

కారణం దాదాపు ఎప్పుడూ లెన్సే. కెమెరాతో వచ్చే 18-55 లెన్స్‌ను 55 దాకా జూమ్ చేస్తే ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు, ట్యూబులైట్ల వెలుతురు చాలక ఆటో మోడ్ షట్టర్‌ని నెమ్మది చేసేస్తుంది. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ వేస్తే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది, అంటే అదే ఐఎస్‌ఓలో (కెమెరా వెలుతురుకి ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగ్) 1/200 పెట్టినా సరిపోతుంది. ఇంకా చాలకపోతే ఐఎస్‌ఓ 3200 పెట్టండి, కొంచెం నాయిస్ (చుక్కచుక్కల గరుకుదనం) వచ్చినా పర్వాలేదు, చెదిరిన ముఖాన్ని మాత్రం ఎవరూ బాగుచేయలేరు. 1500డి సెన్సార్ (ఫొటో పడే చిప్) చిన్నది కాబట్టి ఈ లెన్స్‌లో దృశ్యం 80 ఎంఎంలా దగ్గరగా కనిపిస్తుంది, నాలుగడుగులు వెనక్కి జరగాల్సిందే.

ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటోలో అడ్డగీతలు పడితే అది వేరే సమస్య. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ 1/100కి దించి, ఆడేవాళ్ళు వంగి చప్పట్లు కొట్టే క్షణంలో నొక్కండి. 90డిలో దీనికి యాంటీ ఫ్లికర్ (లైటు మినుకుని గమనించి సరైన క్షణంలో ఫొటో తీసే సదుపాయం) ఉంది, బాడీ (లెన్స్ కాకుండా కెమెరా) మారితే నిజంగా తేడా కనిపించే చోటు ఇది.

రామప్ప శిల్పాలు నల్లగా కాక బూడిద రంగులో వస్తున్నాయి

ఏ కెమెరా అయినా ఇంతే చేస్తుంది. ఫ్రేమంతా నల్లరాయే ఉంటే వెలుతురు కొలిచే మీటర్ దాన్ని చీకటి అనుకుని వెలుతురు పెంచేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుతురుని మనమే పెంచి తగ్గించే సెట్టింగ్) మైనస్ 1 పెట్టండి, అయిపోతుంది.

లెన్స్ ఫోకస్ అవట్లేదు, ఫ్లాష్ వెలగట్లేదు

నికాన్ డి3500, డి5600 బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు, తనలో మోటార్ లేని పాత ఏఎఫ్-డి లెన్స్ వేస్తే చేత్తో తిప్పుకోవాల్సిందే. ఒక్క లెన్సే ఉంటే లోపలే మోటార్ ఉన్న ఏఎఫ్-ఎస్ లెన్స్‌కి మారండి. ఇంట్లో అలాంటివి మూడు నాలుగుంటే మాత్రం మోటార్ ఉన్న డి7200 సెకండ్ హ్యాండ్‌లో చూడటం న్యాయం.

కెనాన్ 1500డి, 3000డి, 200డి 2 వాడేవాళ్ళు ఫ్లాష్ పెట్టే చోట చూడండి, మధ్యలో పిన్ ఉండదు. అందుకే ఆ పిన్‌తో నడిచే మామూలు మాన్యువల్ ట్రిగ్గర్ (దూరంగా పెట్టిన ఫ్లాష్‌ని వెలిగించేది) పని చేయదు, చాలామంది కెమెరా పాడైందనుకుని టెన్షన్ పడతారు. మీ మోడల్‌కి పని చేస్తుందని రాసి ఉన్న కెనాన్ టీటీఎల్ (ఫ్లాష్ వెలుతురుని కెమెరానే లెక్కగట్టే) ట్రిగ్గరే కొనండి.

పాకాల చెరువులో ఎగిరే పక్షి దొరకట్లేదు

ముందు ఏఐ సర్వో (కదిలేదాన్ని వెంటాడుతూ ఫోకస్ చేసే మోడ్) పెట్టి, మధ్య ఫోకస్ పాయింట్ ఒక్కటే వాడుతూ నెల రోజులు తీయండి. అప్పటికీ తప్పిపోతుంటే బాడీ మార్చడం తప్పు కాదు, ఎందుకంటే 1500డిలో 9 ఫోకస్ పాయింట్లు, సెకనుకు 3 ఫొటోలు, అదే 90డిలో 45 పాయింట్లు, సెకనుకు 10 ఫొటోలు. కాకపోతే 55-250 లాంటి దూరపు జూమ్ లెన్స్ లేకుండా బాడీ ఒక్కటే కొంటే పక్షి చుక్కలాగే ఉంటుంది.

పెళ్ళి మధ్యలో కార్డు పాడైంది

డబ్బు తీసుకుని పెళ్ళిళ్ళు చేసేవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, తలంబ్రాలు మళ్ళీ పోయించలేం కదా. రెండు కార్డుల్లో ఒకేసారి రాసే బాడీ కావాలి. ఎంట్రీ లెవెల్ కెమెరాల్లో ఒకటే స్లాట్. ధర ఎక్కువైతే రెండు ఉంటాయనుకోకండి, 90డిలోనూ, నికాన్ డి7500లోనూ ఒకటే, వాటికంటే పాతదైన డి7200లో రెండున్నాయి. అడ్వాన్స్ ఇచ్చే ముందు కార్డు మూత తీసి మీ కళ్ళతో చూసుకోండి.