కొత్త ల్యాప్‌టాప్ స్క్రీన్ మొదటి రోజే చూసుకోండి

రీప్లేస్‌మెంట్ గడువు దాటితే, ఒకటి రెండు చుక్కల లోపాన్ని చాలా కంపెనీలు వారంటీలో ఒప్పుకోవు. అందుకే నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలు ఒక్కొక్కటిగా స్క్రీన్ నిండా పెట్టి చూడండి. ఏ రంగులోనూ వెలగని చుక్క డెడ్ పిక్సెల్. ఒకే రంగులో ఉండిపోయేది స్టక్ పిక్సెల్, అది ఒక్కోసారి దానంతటదే సర్దుకుంటుంది.

నల్లబొమ్మను మాత్రం రాత్రిపూట లైట్లు ఆర్పి చూడాలి. అంచుల్లో వెలుగు కారుతున్నట్టుంటే బ్యాక్‌లైట్ బ్లీడ్. తల పక్కకు జరిపితే ఆ వెలుగు మారుతోందా? అయితే అది ఐపీఎస్ గ్లో, ఐపీఎస్ అనే రకం స్క్రీన్ ప్యానెల్‌కు సహజమే, టెన్షన్ వద్దు.

ఇంకా కొనలేదా? స్పెసిఫికేషన్లలో ‘45% ఎన్‌టీఎస్‌సీ’ (స్క్రీన్ చూపగల రంగుల పరిధికి ఒక కొలమానం) అని ఉంటే రంగులు వెలిసిపోయినట్టుంటాయి. ఎక్సెల్ పనికి చాలు. ఫొటో ఎడిటింగ్ చేసేవాళ్లు మాత్రం 100% ఎస్‌ఆర్‌జీబీ (ఇదీ రంగుల పరిధి కొలమానమే) ఉన్నదే తీసుకోండి.